రెండు కళ్లు, ఇద్దరు పిల్లలు, పక్కన గోదారి

ప్రశ్న: అక్కా, మాది విశాఖలో గోపాలపట్నం. పాపకి ఐదేళ్లు, బాబుకి రెండు నిండాయి. మా పుట్టిల్లు రాజమండ్రి, ఇంటి నుంచి గోదావరి గట్టుకి నడిచి వెళ్లిపోవచ్చు. సంక్రాంతికి వెళ్లినప్పుడు గట్టు దగ్గర పార్కుకి ఇద్దర్నీ ఒక్కదాన్నే తీసుకెళ్లాను. పాపని ఉయ్యాల ఊపుతుంటే బాబు పరుగెత్తుకుంటూ రేవు మెట్ల దాకా వెళ్లిపోయాడు. ఎవరో పెద్దాయన పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి మా ఆయన "నీళ్ల పక్కన పార్కులేంటి, ఇంట్లో ఆడుకోలేరా" అంటున్నారు. మా అమ్మ దిష్టి తీసి ఇంక గట్టు వైపు వెళ్లొద్దంది. వేసవి సెలవులకి మళ్లీ వెళ్తున్నాం. పాప ఇప్పటి నుంచే "గోదారి పార్కు" అని కలవరిస్తోంది. నాకేమో ఆ మెట్లు గుర్తొస్తే కాళ్లు వణుకుతున్నాయి. తీసుకెళ్లనా, మానేయనా? నాది అజాగ్రత్తేనా?

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

తీసుకెళ్లు. ముందు ఆ మాట చెప్పేస్తే నీకు సగం టెన్షన్ తగ్గుతుంది. అయితే పోయినసారి వెళ్లినట్టు కాదు, అది ఎలాగో కింద రాస్తాను, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదువు.

అజాగ్రత్తా అని అడిగావు కదా. నా కథ ఒకటి చెప్తాను. మా చిన్నోడికి మూడేళ్లప్పుడు కార్తీకమాసం వనభోజనాలకి అనకాపల్లి అవతల శారదా నది పక్కన ఒక తోటకి వెళ్లాం. పెద్దవాళ్లమే ఇరవై మందిమి ఉన్నాం. ఉసిరిచెట్టు కింద పూజ, పులిహోర, అంత్యాక్షరి, అన్నీ అయ్యాయి. ఇస్తళ్లు వేసి పిల్లల్ని పిలుస్తుంటే మా గుంటడు లేడు. నేను వాళ్ల నాన్న దగ్గర ఉన్నాడనుకున్నాను, ఆయన మా ఆడపడుచు దగ్గర అనుకున్నారు, ఆవిడ నా దగ్గరే అనుకుంది. ఏటి వైపు పరుగెత్తితే ముందు కనిపించినవి వాడి చెప్పులు, ఒడ్డు మీద రెండూ పక్కపక్కనే, గుడి ముందు విడిచినట్టు. వాడు నడుం లోతు నీళ్లలో స్టీలు గ్లాసు పట్టుకుని చేపపిల్లలు ముంచుతున్నాడు. అవతల బట్టలు ఉతుక్కుంటున్న ఒకావిడ అప్పటికే వచ్చి వాడి చొక్కా కాలర్ పట్టుకుని నిలబడి ఉంది, నన్ను చూసి "ఎవలమ్మా ఈ గుంటడు, పావుగంటనుంచి నానే కాస్తన్నాను" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఇరవై మంది పెద్దవాళ్లం ఉండి ఒక్కరం చూడలేదు, ఎందుకంటే అందరం చూస్తున్నామనుకున్నాం. నువ్వు ఒక్కదానివే వెళ్లావు కాబట్టి ఇలా అయిందని మీ ఆయన అంటే నా కథ చెప్పు.

కాబట్టి ఇది అజాగ్రత్త కాదమ్మా, లెక్క. నీకు ఉన్నవి రెండు కళ్లు, అవి రెండూ ఒకవైపే చూస్తాయి. ఉయ్యాల ఊపేటప్పుడు నీ చూపు ఉయ్యాల మీదే ఉంటుంది, ఉండాలి కూడా, లేకపోతే ఆ బల్ల వెనక్కొచ్చి నీకే తగులుతుంది. ఆ టైములో రెండేళ్ల పిల్లాడు నీ వెనక ఉన్నాడు, వాడి వెనక గోదారి ఉంది. నువ్వు నిలబడిన చోటే తప్పు. పార్కులోకి అడుగుపెట్టగానే పిల్లలు ఏ ఆటకి పోతారో అని కాదు, నువ్వు ఎక్కడ నిలబడతావో ముందు చూసుకో. నీళ్లకీ పిల్లలకీ మధ్య నువ్వు ఉండాలి. నీ వీపు గోదారి వైపు, ముఖం పిల్లల వైపు. వాడు పరుగెత్తాడంటే నిన్ను దాటుకునే పరుగెత్తాలి. ఇదొక్కటి పట్టుకుంటే మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

దీనికోసం కొన్ని వదులుకోవాలి. నీళ్ల వైపు చివర ఉన్న ఉయ్యాల ఎంత ఖాళీగా ఉన్నా వద్దు, రోడ్డు వైపు ఉన్నది దొరికేదాకా ఆగండి. (రోడ్డు వైపు గేటు ఉంటే అది మూసి ఉందో లేదో కూడా చూసుకో, గోదారి నుంచి కాపాడి ఆటో కింద పడేస్తే ఏం లాభం.) పాప ఉయ్యాల ఎక్కితే వెనక నుంచి ఊపడం మానేసి ముందు నుంచి ఊపు, కాళ్లు పట్టుకుని నెడితే చాలు, పిల్లలకి అదే ఇంకా సరదా. చిన్నోడు అంతసేపూ నీ పక్కనే ఉండాలి, ఉయ్యాల దారిలోకి మాత్రం రాకూడదు. ఐదేళ్లంటే కాళ్లు చాపి ముడుచుకుని తనంతట తాను ఊగడం నేర్చుకునే వయసు కూడా, సెలవులకి నెల ముందే ఇక్కడ మన శివాజీ పార్కులోనో ఉడా పార్కులోనో నేర్పించెయ్యి, అక్కడికి వెళ్లాక నీ రెండు చేతులూ చిన్నోడికే. ఉడా పార్కు పేరు ఎన్నిసార్లు మార్చినా మనకది ఉడా పార్కే, అది వేరే విషయం.

ఇంకో మాట, దీనికి కాస్త భయపెడతాను. నీళ్లలో పడ్డ పిల్లలు కేకలు వేస్తారని, చేతులు ఆడిస్తారని, "అమ్మా" అని పిలుస్తారని అనుకుంటాం. పిలవరు. ఊపిరి అందనివాళ్లకి గొంతు ఎలా వస్తుంది? నోరు నీళ్లలోకి, పైకి, మళ్లీ నీళ్లలోకి, అంతే, చప్పుడుండదు, ఒక నిమిషం లోపే మునిగిపోతారు. రెండేళ్ల పిల్లాడికి మోకాలి లోతు కూడా అక్కర్లేదు, బోర్లా పడితే బకెట్లో నీళ్లు చాలు, తల బరువుకి వాళ్లంతట వాళ్లు లేవలేరు. ప్రపంచంలో నీటమునిగి పోయేవాళ్లలో దాదాపు పావు వంతు ఐదేళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. జులై 25ని ఐక్యరాజ్యసమితి ఈ ప్రమాదాల నివారణ దినంగా పెట్టింది కూడా. అందుకే "అరిస్తే వినపడుతుందిలే" అని బెంచీ మీద కూర్చుని ఫోను తీయొద్దు. పార్కులో ఉన్నంతసేపూ ఫోను సంచీలో ఉండాలి, ఫోటోలు ఇంటికి వెళ్లే ముందు గేటు దగ్గర తీసుకో.

పట్టీల సంగతి మాత్రం నేను మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను. మన పల్లెల్లో చిన్నపిల్లలకి మువ్వల పట్టీలు ముద్దు కోసమే వేస్తారనుకుంటాం, ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని పెరట్లో పిల్ల ఎటు పోతోందో చెవులతోనే చూసేది. మీ వాడికి కాలికి నాలుగు మువ్వలున్న పట్టీ ఒకటి కట్టు, మగపిల్లాడికేంటని ఎవరైనా నవ్వితే నవ్వనీ. చప్పుడు ఆగిందంటే తల తిప్పి చూస్తావు. బట్టలు నారింజ, చిలకపచ్చ లాంటివి వెయ్యి, జనంలో దూరం నుంచే కనిపిస్తాయి. మెళ్లో గొలుసు, తాయెత్తు తాడు, మెడ దగ్గర ముడి వేసే టోపీ తాళ్లు ఆ పూటకి తీసెయ్యి, జారుడుబల్ల అంచుకో రంగులరాట్నం కడ్డీకో తగులుకుంటే మెడకి బిగుసుకుంటాయి. నీ చున్నీ కూడా నడుముకి చుట్టుకో.

ఇప్పుడు గోదారి గురించి. "ఎండాకాలం కదా, నీళ్లెక్కడుంటాయి" అని మీ ఇంట్లో ఎవరో ఒకరు అంటారు చూడు. మన ఏటి లెక్క అక్కడ పనికిరాదు. మనకి భీమిలి దగ్గర గోస్తనీ వేసవిలో చిక్కిపోతుంది, ఇసుకలో నడిచి దాటేస్తాం, కాబట్టి నదంటే అదే అనుకుంటాం. రాజమండ్రికి కిందనే ధవళేశ్వరం ఉంది. కాటన్ దొర ఆనకట్ట అక్కడ 1852లో పూర్తయింది, ఇప్పుడు దాని చోట బ్యారేజీ ఉంది. నీళ్లు అక్కడ ఆగుతాయి కాబట్టి రాజమండ్రి రేవుల్లో మే నెలలో కూడా మెట్ల మీదికి నీళ్లుంటాయి. పైగా నిలవ నీళ్లలో మునిగి ఉన్న మెట్లకి పాచి పడుతుంది. పైనుంచి చూస్తే ఒక మెట్టు, రెండో మెట్టు కనిపిస్తాయి, ఆ తర్వాత లోతెంతో తెలీదు. "కాళ్లు తడుపుకుని వచ్చేద్దాం" అనేది అక్కడే వద్దంటున్నాను. గోదారమ్మకి దణ్ణం పెట్టించాలని మీ అమ్మగారు అంటే పై మెట్టు మీద నిలబడి పెట్టించు, చెంబుతో నీళ్లు తెచ్చి తల మీద చల్లితే సరిపోతుంది, గంగమ్మ తప్పు పట్టదు.

వినాయక చవితికో మరోదానికో జులై నుంచి సెప్టెంబరు మధ్యలో వెళ్తే మాత్రం వేరే లెక్క. వరద రోజుల్లో టీవీలో ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక అని స్క్రోలింగ్ వస్తుంది కదా, అది 10 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు, రెండోది 13 లక్షలకి, మూడోది 17 లక్షలకి. మొదటి హెచ్చరిక ఉందంటే ఆ వారం గట్టు పార్కు లేదు, ఇంట్లో క్యారమ్స్ ఆడుకోండి. జనం వరద చూడ్డానికి పిల్లల్ని చంకనేసుకుని గట్టెక్కుతారు, నువ్వు ఎక్కొద్దు.

పార్కుకీ నీళ్లకీ మధ్య రెయిలింగ్ ఉంటుంది కదా, దాన్ని నమ్ముకోకు, ముందు చూసుకో. కడ్డీల మధ్య నీ గుప్పిలి సుళువుగా దూరిపోతోందంటే, సుమారు 9 సెంటీమీటర్లు దాటిందంటే, చిన్నపిల్లల ఒళ్లు దూరిపోయి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. అడ్డకమ్మీలు ఉంటే అది కంచె కాదు, నిచ్చెన. మీ వాడు పోయినసారి మెట్ల దాకా ఎటునుంచి వెళ్లాడో గుర్తు తెచ్చుకో, రెయిలింగ్ మధ్యలో మెట్లకి దారి వదిలి ఉంటుంది, వాడికి అదే గేటు. నువ్వు నిలబడాల్సిన చోటు సరిగ్గా అదే.

వాడికి ఒక్కటి నేర్పించు, బుద్ధులు చెప్పడం కాదు, ఆట. మనం చిన్నప్పుడు ఆడేవాళ్లం గుర్తుందా, "స్టాచ్యూ!" అనగానే ఎక్కడివాళ్లు అక్కడ బొమ్మల్లా బిగుసుకుపోవాలి. రెండేళ్ల పిల్లాడికి "అటు వెళ్లకు, నీళ్లున్నాయి, పడిపోతావు" అంటే వాడికి వినిపించేది "నీళ్లు" ఒక్కటే, ఇంకా జోరుగా పరుగెడతాడు. స్టాచ్యూ అయితే ఆగుతాడు. ఇప్పటి నుంచి రోజూ పదిసార్లు ఇంట్లో, మేడ మీద, ఆదివారం పార్కులో ఆడండి, ఆగినప్పుడల్లా ఎత్తుకుని తిప్పు. అక్కని కూడా ఆటలో పెట్టు, అది అరిచినా వాడు ఆగాలి. అయినా అది ఆటే, దాన్ని నమ్ముకుని పదడుగులు దూరం ఉండకు, నీ చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే వాడు ఉండాలి. పాపకైతే ఆరేళ్లు దాటాక ఈత నేర్పించు, విశాఖలో ఉంటూ ఈత రాకపోవడం ఏంటి. కానీ ఈత వచ్చిన పిల్లలకి కూడా నదీ సముద్రమూ ఈతకొలను లాంటివి కావు. ఈ గాలి ట్యూబులైతే మరీ, వాటిని రక్షణ అనుకోవద్దు, అవి బొమ్మలు.

ముందు రిహార్సల్ కావాలంటే ముడసర్లోవకి వెళ్లండి. పక్కన రిజర్వాయరు, ఇవతల పార్కు, చెట్లు. నీళ్ల మీద తేలే సోలార్ పలకలు కనిపిస్తే పాప వంద ప్రశ్నలు వేస్తుంది. అక్కడ ఒక ఆదివారం నువ్వూ మీ ఆయనా కలిసి నిలబడే చోటు ప్రాక్టీసు చేయండి. ఆయన్ని ఒప్పించడానికి కూడా ఇదే దారి, వాదించకు, తీసుకెళ్లి చూపించు. ఆయన భయం తప్పు కాదు, కానీ ఇంట్లో కూర్చోబెడితే వాళ్ల చేతిలో ఉండేది ఫోనేనని ఆయనకీ తెలుసు. ఆర్కే బీచ్‌కి ఈ రిహార్సల్ కోసం మాత్రం పోవద్దు, అక్కడ కెరటం వెనక్కి వెళ్లేటప్పుడు పెద్దవాళ్ల కాళ్ల కింద ఇసుకనే లాగేస్తుంది.

ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లినప్పుడు మాటల్లో అప్పగించుకోండి. "నేను టీ తెస్తాను, చిన్నోడు నీది" అని పైకి అనాలి, "సరే, నాది" అని అవతలివాళ్లు అనాలి. ఆ జవాబు వినే దాకా కదలకూడదు. వినడానికి నాటకంలా ఉంటుంది, మొదట్లో మా ఆయన నవ్వేవారు. శారదా నది రోజున ఆ రెండు మాటలు ఎవరైనా అనుంటే వాడి చొక్కా కాలర్ ఇంకొకరి చేతిలో ఉండేది కాదు. సెలవులకి మీ అన్నయ్యలు, వదినలు, పిల్లలు అంతా కలిసి గట్టుకి వెళ్తారు చూడు, ఆ రోజు ఇది ఇంకా గట్టిగా పాటించు, జనం పెరిగేకొద్దీ చూసేవాళ్లు తగ్గుతారు. పాపని తమ్ముడికి కాపలా పెట్టొద్దు. ఐదేళ్ల పిల్ల అది.

ఆటల గురించి రెండు మాటలు. జారుడుబల్ల మీద చిన్నోడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని జారకు. అందరూ అదే సేఫ్ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. వాడి కాలు పక్క అంచుకి తగులుకుంటే పైన నీ బరువు కలిసి కిందికి లాగుతుంది, ఆ వయసు పిల్లలకి మోకాలి కింద ఎముక విరిగేది ఎక్కువగా ఇలాగే. పక్కన నిలబడి చెయ్యి పట్టుకుని ఒంటరిగా జారనీ, లేదా పొట్టి బల్ల చూసుకో. రాజమండ్రిలో మేలో ఎండ 40 దాటడం మామూలే కాబట్టి ఏడున్నర లోపు వెళ్లి తొమ్మిదికి వచ్చెయ్యాలి, లేదంటే సాయంత్రం ఐదు తర్వాత. సాయంత్రమైనా ఎక్కించే ముందు నీ అరచేతి వెనక భాగం ఐదు సెకన్లు బల్లకి ఆనించి చూడు, నువ్వు ఓర్చుకోలేకపోతే వాడి తొడలు కాలతాయి. రేకుదే కాదు, ప్లాస్టిక్‌ది కూడా. గట్టు మీద పల్లీలు అమ్ముతుంటారు, అవి మీకే, చిన్నోడికి వద్దు. నాలుగేళ్ల లోపు పిల్లలు గింజలు నోట్లో పెట్టుకుని పరుగెత్తితే గొంతుకి అడ్డం పడతాయి.

ఎంత చేసినా ఒక్కోసారి తప్పిపోతారు. వాడు కనిపించకపోతే ముందు వెతకాల్సింది ఐస్‌క్రీం బండి దగ్గర కాదు, నీళ్ల దగ్గర. బండి దగ్గర ఉంటే పది నిమిషాల తర్వాత కూడా అక్కడే ఉంటాడు. "నారింజ చొక్కా, రెండేళ్ల బాబు" అని గట్టిగా అరుస్తూ వెళ్లు, సిగ్గుపడకు, నలుగురు తలలు తిప్పుతారు. నీళ్లలో ఎవరైనా పడితే ఈత రాకుండా దూకొద్దు, చున్నీయో చీర కొంగో కర్రో అందించి లాగాలి. పిల్లలు పడ్డప్పుడు తల్లీ, మేనమామా వెంట దూకి ఇద్దరూ పోయిన వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం. బయటికి తీశాక మనవాళ్లు చేసేదొకటుంది, కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం. చేయనివ్వకు, దానివల్ల టైము పోతుంది, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముందు నోట్లోకి ఊపిరి ఊదాలి, తర్వాత రొమ్ము మధ్యలో 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదుతూ ఉండాలి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఇది చదివి నేర్చుకునేది కాదు, మీ పిల్లల డాక్టరుగారిని అడిగితే బొమ్మ మీద ఎక్కడ నేర్పుతారో చెప్తారు, మీ ఆయనతో కలిసి వెళ్లి నేర్చుకోండి. నీటిలో పడి లేచిన పిల్లలు బాగానే ఉన్నట్టు కనిపించినా, దగ్గుతున్నా, మగతగా ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ఇంత రాశాక నీకు మళ్లీ కాళ్లు వణుకుతాయేమో. మొదటిరోజు అరగంట చాలు. మీ అమ్మగారిని కూడా పిలుచుకెళ్లు, ఆవిడ పాప దగ్గర, నువ్వు మెట్ల దారి దగ్గర. వాడు పోయినసారి పరుగెత్తింది నీళ్ల కోసమే అని ఏముంది, రైలు చప్పుడు విని ఉండొచ్చు, ఆ వయసు గుంటలకి రైలు కన్నా పెద్దది ఏదీ లేదు. ఆర్చి వంతెన మీద బండి వస్తున్నట్టు కూత వినపడగానే వాడిని ఎత్తుకుని భుజం మీద కూర్చోబెట్టుకో, పాపని ఉయ్యాల ఆపి దిగమను, ముగ్గురూ చివరి పెట్టె దాటేదాకా లెక్కపెట్టండి.